సెల్‌ఫోనులో చెప్పిన మాట వీలునామా అవుతుందా?



వెనుకటి రోజులలో మన పల్లెలలో ఒక పెద్దాయన మంచము పట్టితే ఇద్దరు పెద్దమనుష్యులను పిలిపించి, దస్తావేజు లేఖరి చేత కాగితము వ్రాయించి, చదివించుకొని, వేలిముద్ర వేసేవాడు. నేడు పిల్లలు ఒకరు హైదరాబాదులో, ఒకరు దుబాయిలో, ఒకరు డల్లాసులో ఉన్నారు. పెద్దాయన మంచము ప్రక్కన సెల్‌ఫోను ఉన్నది. మనుమడు ఫోను ఎత్తి పట్టుకుంటే తాతగారు నాలుగు మాటలు చెప్తారు. "ఇల్లు చిన్నమ్మాయికి. చెరువు క్రింది ఎకరము పెద్దవాడికి. మీ అమ్మను మాత్రము ఎవరూ కష్టపెట్టవద్దు." ఆ వీడియో ఒక్క నిమిషములో పిల్లలందరికీ చేరుతుంది. అందరూ సరే అంటారు. ఇక వీలునామా అయిపోయినట్లే అనుకుంటారు.

అయిపోయినదా? చాలా కుటుంబములలో ఈ ప్రశ్న పెద్దాయన పోయిన తరువాతనే పుడుతుంది. అప్పుడు అడగడానికి ఆయన ఉండరు. అందుచేత ఈ నెల ఈ విషయమునే ఆలోచిద్దాము.

చట్టము ఏమి చెప్తున్నది

మన దేశములో క్రైస్తవుల ఆస్తి విషయములకు ముఖ్యమైన చట్టము 1925 నాటి భారతీయ వారసత్వ చట్టము. దానిలోని 63వ సెక్షను వీలునామా ఎలా ఉండవలెనో చెప్తుంది. వ్రాసేవారు దానిమీద సంతకము చేయవలెను, లేదా గుర్తు వేయవలెను. చదువు రాని వారి వేలిముద్ర చాలును. ఆ సంతకమును చూసినవారు, లేదా "ఇది నా సంతకమే" అని ఆయన నోట విన్నవారు, కనీసము ఇద్దరు సాక్షులు ఉండవలెను. ఆ ఇద్దరూ ఆయన ఎదుటనే తమ సంతకములు చేయవలెను. ఇంతే. పెద్ద భాష అక్కరలేదు. స్టాంపు కాగితము కూడా అక్కరలేదు, తెల్ల కాగితము చాలును.

2000 సంవత్సరములో మన పార్లమెంటు సమాచార సాంకేతిక చట్టమును చేసి, కంప్యూటరులోని పత్రమునకు కాగితముతో సమానమైన విలువనిచ్చినది. నేడు మనము ఇంటి నుండి బ్యాంకు పనులు చేసుకొనుటకు ఆ చట్టము దారి తీసినది. అయితే అదే చట్టము కొన్ని పత్రములకు ఈ సౌకర్యము వర్తించదని ఒక జాబితా ఇచ్చినది. ఆ జాబితాలో వీలునామా ఉన్నది. 2022లో కేంద్ర ప్రభుత్వము ఆ జాబితాను సవరించి కొన్నిటిని సడలించినది గాని, వీలునామా మాత్రము అక్కడే ఉండిపోయినది.

కాబట్టి జవాబు స్పష్టము. ఫోనులో తీసిన వీడియో, వాట్సాప్ సందేశము, ఈమెయిలు, ఆధార్ ఓటీపీతో చేసిన ఎలక్ట్రానిక్ సంతకము, ఇవేవీ మన దేశములో వీలునామా కావు. నోటి మాటతో వీలునామా చేసే హక్కును ఈ చట్టము యుద్ధరంగములో ఉన్న సైనికులకు, విమాన సైనికులకు, సముద్రము మీద ఉన్న నావికులకు మాత్రమే ఇచ్చినది. ఇంటి వద్ద మంచము మీద ఉన్న రైతుకు ఇవ్వలేదు.

ఇక్కడ ఒక పొరపాటు పడవద్దు. కంప్యూటరు మీద టైపు చేయించి, కాగితము మీద అచ్చు తీసి, దానిమీద చేతితో సంతకము చేసి, ఇద్దరు సాక్షుల చేత సంతకములు చేయిస్తే అది మంచి వీలునామాయే. టైపు చేయుటలో దోషము లేదు. సంతకమూ సాక్ష్యమూ కాగితము మీద ఉండవలెను.

వీలునామా లేకపోతే ఎవరికి ఎంత

"వీడియో చెల్లకపోతే ఏమి? పిల్లలే కదా తీసుకునేది" అని కొందరంటారు. లెక్క చూస్తే సంగతి తెలుస్తుంది.

ఒక తండ్రికి 3 ఎకరముల పొలము, ఒక ఇల్లు ఉన్నవనుకుందాము. భార్య, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు ఉన్నారు. కూతురు భర్తను పోగొట్టుకొని పుట్టింటికి వచ్చి, పదేళ్ళుగా తండ్రికి మందులిచ్చి, బట్టలుతికి సేవ చేసినది. ఆయన వీడియోలో ఇల్లు ఆమెకే అన్నాడు. ఆయన పోయిన తరువాత చట్టము ఆ వీడియోను వీలునామాగా చూడదు. మూడవ వంతు భార్యకు, మిగిలిన రెండు వంతులు పిల్లలకు సమానముగా వెళ్తాయి. అనగా పొలములో తల్లికి 1 ఎకరము, ముగ్గురు పిల్లలకు తలా 66 సెంట్ల చిల్లర. ఇంటిలో కూడా అదే లెక్క. అన్నదమ్ములు తమ భాగములు కావాలంటే, ఆ కూతురు తాను కనిపెట్టుకొని ఉన్న ఇంటిలో తొమ్మిది వంతులలో రెండు వంతులకు మాత్రమే హక్కుదారు.

కుమార్తెకు సమాన భాగమని చట్టము చెప్పుట మంచిదే. పెండ్లిలో ఇచ్చినది ఇచ్చాము కాబట్టి ఆడపిల్లకు భాగము లేదనే మాట క్రైస్తవులకు వర్తించే ఈ చట్టములో ఎక్కడా లేదు. కేరళలోని తిరువాన్కూరు ప్రాంతపు క్రైస్తవ కుమార్తెలకు ఈ సమానత్వము 1986లో, మేరీ రాయ్ గారి కేసులో సుప్రీంకోర్టు తీర్పుతోనే దక్కినది. అయితే సమాన భాగము ఎల్లప్పుడూ న్యాయమైన భాగము కాదు. సేవ చేసిన బిడ్డకు, అంగవైకల్యము గల బిడ్డకు, చదువు పూర్తి కాని బిడ్డకు కొంత ఎక్కువ అవసరము. దానిని గుర్తించగలిగినది తండ్రి హృదయమే గాని చట్టపు పట్టిక కాదు. ఆ హృదయము కాగితము మీదికి రావలెను.

ఇంకొక సంగతి చాలామందికి తెలియదు. కొడుకు తల్లికంటె ముందుగా చనిపోయి, అతనికి భార్యా పిల్లలూ ఉంటే, అతని ఆస్తిలో వృద్ధురాలైన తల్లికి ఈ చట్టము ప్రకారము భాగము లేదు. భార్యకు మూడవ వంతు, పిల్లలకు మిగిలినది. తల్లి ఆ కొడుకు కట్టిన ఇంటిలోనే ఉంటున్నను, హక్కుగా అడుగుటకు ఆమెకు ఏమియు లేదు. వీలునామా ముసలివారి పని అనుకొనే యౌవనస్థులు ఈ ఒక్క మాట కొరకైనను ఆలోచించవలెను. తల్లి బ్రతికి ఉన్నంత కాలము ఈ ఇంటిలో నివసించవచ్చునని రెండు వరుసలు వ్రాస్తే ఆమెకు నీడ దొరుకుతుంది.

కాగితమునే ఎందుకు పట్టుకొనుట

లోకమంతా ఫోనులోకి వెళ్ళినప్పుడు చట్టము ఇంకా కాగితమును, సాక్షులను ఎందుకు అడుగుతున్నది? కారణమున్నది. పొలము అమ్మినవాడు మరునాడు కోర్టుకు వచ్చి "నేను అమ్మలేదు" అనవచ్చును, "అమ్మాను" అనవచ్చును. వీలునామా వ్రాసినవాడు మాత్రము తన మాటను గూర్చి చెప్పుటకు రాలేడు. ఆయన బదులు సాక్షులు మాట్లాడవలెను. అందుకే తగాదా వచ్చినప్పుడు బ్రతికి ఉన్న సాక్షులలో కనీసము ఒకరిని పిలిచి విచారించనిదే వీలునామాను కోర్టు ఒప్పుకోదు. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన క్రొత్త సాక్ష్య చట్టములో కూడా ఈ నియమము నిలిచియున్నది.

మన ఇండ్లలో ఫోను ఎవరి చేతిలో ఉంటుందో మనకు తెలియనిది కాదు. తాతగారి పిన్ నంబరు మనుమడికి తెలుసు. ఓటీపీ వస్తే కోడలు చదివి చెప్తుంది. ఇది ప్రేమతో జరిగే పనే. కాని అదే ఫోనులో నుండి ఆస్తినంతా వ్రాసియిచ్చిన సంతకము బయటికి వస్తే అది తాతగారిదో మనుమడిదో ఎవరు చెప్పగలరు?

సాక్షులు, ముద్ర, భద్రపరచుట అనునవి క్రొత్త సంగతులు కావు. యిర్మీయా ప్రవక్త అనాతోతులోని పొలమును 17 తులముల వెండికి కొన్నప్పుడు పత్రము వ్రాసి, ముద్ర వేసి, సాక్షులను పిలిపించి, ముద్ర వేసిన దానిని, ముద్ర వేయని దానిని రెండింటినీ మట్టి కుండలో పెట్టించెనని యిర్మీయా గ్రంథము 32వ అధ్యాయములో చదువుతాము. యెరూషలేము ముట్టడిలో ఉన్న రోజులవి. అట్టి రోజులలో కూడా కాగితము పని ఆయన సక్రమముగా ముగించెను.

ఇతర దేశములలో

కొన్ని దేశములు మరొక దారిన నడుస్తున్నవి. అమెరికాలో నెవాడా రాష్ట్రము 2001లోనే ఎలక్ట్రానిక్ వీలునామాకు చట్టము చేసినది. 2013లో ఒహాయో రాష్ట్రములో ఒక రోగి ఆసుపత్రిలో పలక వంటి చిన్న కంప్యూటరు మీద వీలునామా వ్రాయించి, దానిమీదనే తానూ సాక్షులూ సంతకము చేస్తే అక్కడి కోర్టు దానిని ఒప్పుకొన్నది. 2019లో అన్ని రాష్ట్రములకు నమూనాగా ఒక ఎలక్ట్రానిక్ వీలునామా చట్టము తయారైనది. యూటా, కొలరాడో వంటి కొన్ని రాష్ట్రములు దానిని స్వీకరించినవి. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో 2021 డిసెంబరు నుండి ఎలక్ట్రానిక్ వీలునామా చెల్లుతున్నది.

ఇంగ్లాండులో 1837 నాటి వీలునామా చట్టము ఉన్నది. కరోనా కాలములో సాక్షులు ఎదుట కూర్చొనలేకపోయినందున, వీడియోలో చూసి సాక్ష్యము చెప్పుటకు అక్కడ తాత్కాలికముగా అనుమతించారు. 2024 జనవరి ఆఖరుతో ఆ సడలింపు ముగిసినది. ఎలక్ట్రానిక్ వీలునామాను తగిన జాగ్రత్తలతో అనుమతించవచ్చునని అక్కడి లా కమిషను 2025 మే నెలలో సిఫారసు చేసినది.

ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండులో 2017లో ఒక వింత తీర్పు వచ్చినది. చనిపోయిన ఒకరి ఫోనులో, ఎవరికీ పంపకుండా మిగిలిపోయిన ఒక సందేశమును అక్కడి కోర్టు ఆయన వీలునామాగా అంగీకరించినది. పద్ధతి తప్పినను చనిపోయినవారి ఉద్దేశము స్పష్టముగా ఉంటే ఒప్పుకొనే అధికారమును అక్కడి చట్టము కోర్టుకు ఇచ్చినది. మన చట్టములో అట్టి సడలింపు లేదు. ఇలాంటి వార్త చదివి, ఇక్కడ కూడా నడుస్తుందిలే అనుకొనవద్దు.

పిల్లలు విదేశములలో ఉన్న కుటుంబములు ఒక మాట గుర్తుంచుకొనవలెను. మన దేశములో ఉన్న పొలము, ఇల్లు, స్థలము ఎవరికి చెందవలెననేది మన దేశపు చట్టమే నిర్ణయిస్తుంది, యజమాని ఎక్కడ స్థిరపడినను సరే. కాబట్టి అమెరికాలో ఉన్న అబ్బాయి అక్కడి ఆస్తికి అక్కడి పద్ధతిలో వీలునామా చేసుకొన్నను, ఇక్కడి పొలమునకు కాగితము మీద, ఇద్దరు సాక్షులతో వేరొక వీలునామా చేయుట మంచిది. ఒకదానిలో "ఇంతకు ముందు వ్రాసినవన్నీ రద్దు" అనే వాక్యము పెట్టి రెండవ దానిని తెలియకుండా చెరిపివేయకుండా చూసుకొనవలెను.

వ్రాయవలసిన విధము

పద్దెనిమిది ఏండ్లు నిండి, మనస్సు స్థిరముగా ఉన్న ఎవరైనను వీలునామా వ్రాయవచ్చును. చూపు లేనివారు కూడా తాము చేయుచున్నది తెలిసికొని చేయగలిగితే వ్రాయవచ్చును.

తేదీ వేయండి. ఆస్తిని సర్వే నంబరు, విస్తీర్ణము, నాలుగు హద్దులతో చెప్పండి. పాసు పుస్తకములో ఉన్న పేరే వ్రాయండి. అప్పులుంటే దాచవద్దు. మీ తరువాత ఈ పని నెరవేర్చుటకు నమ్మకమైన ఒకరిని నిర్వాహకునిగా నియమించండి. ప్రతి పుట క్రిందను సంతకము చేయండి. కొట్టివేతలు, దిద్దుబాట్లు ఉంటే వాటి ప్రక్కన మీరూ సాక్షులూ తిరిగి సంతకము చేయవలెను.

సాక్షులను ఎన్నుకొనుటలో జాగ్రత్త. క్రైస్తవుల వీలునామాలో సాక్షి సంతకము చేసినవారికి గాని, వారి భార్యకు లేదా భర్తకు గాని ఏదైనా ఇస్తే, ఆ ఇచ్చినది మాత్రము చెల్లదు. మిగిలిన వీలునామా చెల్లుతుంది. అందుచేత అల్లుని సాక్షిగా పెట్టి కుమార్తెకు ఇల్లు వ్రాయవద్దు. మీకంటె చిన్నవారు, ఊరిలో నిలకడగా ఉండేవారు, ఆస్తితో సంబంధము లేనివారు సాక్షులుగా మంచివారు. లోపల ఏమి వ్రాసి ఉన్నదో వారికి తెలియనక్కరలేదు.

రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు. కాని చేయిస్తే మేలు, స్టాంపు డ్యూటీ కూడా లేదు. కదలలేని రోగి అయితే ప్రత్యేక కారణము చూపి రిజిస్ట్రారును ఇంటికి రప్పించుకొనే వీలున్నది. మూసి ముద్ర వేసిన కవరులో జిల్లా రిజిస్ట్రారు వద్ద దాచుకొనవచ్చును కూడా. రిజిస్టరు అయినను, తరువాత వ్రాసినదే చెల్లుతుంది. చివరి వీలునామాయే వీలునామా.

ఒక ముఖ్యమైన మాట. క్రైస్తవుడు వీలునామా వ్రాసిన తరువాత వివాహము చేసుకొంటే, మునుపటి వీలునామా దానంతట అదే రద్దవుతుంది. భార్యను పోగొట్టుకొని తిరిగి వివాహమాడినవారు దీనిని మరువరాదు. మొదటి భార్య పిల్లల కొరకు జాగ్రత్తగా వ్రాసినదంతా ఆ పెండ్లి రోజుతో పోతుంది. క్రొత్తది వ్రాయవలెను.

వీలునామా వ్రాసినంత మాత్రమున కోర్టు చుట్టూ తిరగవలెనని భయపడవద్దు. వారసులు హక్కు స్థాపించుకొనుటకు ప్రొబేటు తప్పనిసరి అనే నియమము నుండి భారతీయ క్రైస్తవులను 2002 నాటి సవరణ తప్పించినది.

ఫోను దేనికి పనికివస్తుంది

ఫోనును పూర్తిగా ప్రక్కన పెట్టుమని మేము చెప్పుట లేదు. కాగితము మీద సంతకము చేయుచుండగా వీడియో తీయించుకొంటే, ఆయన మనస్సు స్థిరముగా ఉన్నదని, ఎవరూ బలవంతము చేయలేదని చూపుటకు అది సాయపడుతుంది. వైద్యుని ధ్రువపత్రము కూడా అట్టిదే. అది వీలునామాకు తోడు మాత్రమే, దానికి బదులు కాదు. ఫోటో తీసి పిల్లలకు పంపినను, అసలు కాగితమును మాత్రము పదిలముగా దాచండి. అది ఎక్కడ ఉన్నదో నిర్వాహకునికి చెప్పి ఉంచండి.

బ్యాంకులో నామినీ పేరు వ్రాయించుట మంచిది గాని, అది వీలునామా కాదు. బ్యాంకు నామినీకి సొమ్ము ఇచ్చి తన బాధ్యత తీర్చుకొంటుంది. ఆ సొమ్ము చివరకు వారసులదే. బ్యాంకు ఖాతాలు, బీమా పాలసీలు, అప్పులు, ఎవరి వద్ద ఏమి రావలెనో ఒక పుస్తకములో వ్రాసి ఉంచండి. ఫోనులోనే అన్నీ దాచి, ఆ ఫోను తెరవలేక దిగులుపడే భార్యలు ఎందరో.

సంఘమునకు వ్రాయుట

ఒకప్పుడు దగ్గరి బంధువులు ఉన్న క్రైస్తవుడు దైవ కార్యములకు, ధర్మ కార్యములకు ఆస్తి వ్రాయవలెనంటే, మరణమునకు కనీసము 12 నెలల ముందే వ్రాసి, 6 నెలలలోగా దాఖలు చేయవలెనని 118వ సెక్షను చెప్పేది. కేరళకు చెందిన ఒక క్రైస్తవ గురువు వేసిన వ్యాజ్యములో 2003 జూలైలో సుప్రీంకోర్టు దానిని కొట్టివేసినది. ఇప్పుడు ఆ అడ్డు లేదు. అడ్డు తొలగినప్పుడు బాధ్యత పెరుగుతుంది. మోసముతోను, బలవంతముతోను, విడువక వేధించి వ్రాయించిన వీలునామా చెల్లదని అదే చట్టము చెప్తున్నది. మరణపడక ప్రక్కన కూర్చున్న సేవకులు ప్రార్థన చేయవలెను గాని పత్రము చేతికియ్యరాదు. విధవరాలి కూడు తీసి కట్టిన గోడ సంఘమునకు బలము కాదు.

వీడియో మాత్రమే మిగిలితే

కొన్ని ఇండ్లలో ఇప్పటికే ఆలస్యమైనది. తండ్రి పోయారు, ఫోనులో ఆయన మాట ఉన్నది, కాగితము లేదు. అప్పుడు ఏమి చేయవలెను? చట్టము అన్నదమ్ములను నిర్బంధించదు. అయితే అడ్డగించదు కూడా. తమకు వచ్చిన భాగమును సోదరికి విడుదల చేయుచు దస్తావేజు వ్రాసి, రిజిస్టరు చేయించి ఇవ్వవచ్చును. ఆ మాట తండ్రిదని వారికి తెలుసు. కోర్టుకు తెలియవలసిన అవసరము లేదు. తల్లి బ్రతికి ఉండగానే, అందరూ ఒకచోట కూడినప్పుడే ఆ పని ముగించుట మంచిది. నోటితో "నీదేలే అక్కా" అని వదిలివేస్తే, తరువాతి తరములో పిల్లలు అదే ఇంటి కొరకు కోర్టు మెట్లు ఎక్కుతారు.

ఇంకా ఆలస్యము కాని ఇండ్ల సంగతి వేరు. ఒక తెల్ల కాగితము, ఒక కలము, నమ్మకమైన ఇద్దరు మనుష్యులు, ఒక సాయంకాలము చాలును. చిక్కులున్న ఆస్తి అయితే ముందుగా న్యాయవాదిని కలిసికొనండి. ఈ నెలలోనే భార్యాభర్తలు కూర్చొని, ఎవరికి ఏది అవసరమో మాట్లాడుకొని, వ్రాయవలెనని కోరుచున్నాము.